తిరగేసిన నక్షా

కోదాడలో ఫాదర్ బంగ్లా అనే ఇల్లు ఒకటి ఉండేది. ఇప్పుడు లేదు. దాని గురించి ఊళ్లో చెప్పుకునే కథ మాత్రం మిగిలింది. మంచు దేశం నుంచి వచ్చిన ఒక తెల్ల ఫాదరు మన ఎండ సంగతి తెలియక పడకగదులన్నీ పడమటికి పెట్టి ఇల్లు కట్టాడట. అందులో ఉన్న ఫాదర్లంతా పదిహేనేళ్లు ఉడికిపోయారట. చివరికి విసిగి దాన్ని కూలగొట్టారట. ఇందులో ఉడికారన్న ముక్క, కూలగొట్టారన్న ముక్క మాత్రమే నిజం. మిగతాది, తప్పు చేసినవాళ్లు తీరిగ్గా కూర్చుని అల్లుకున్నది. ఊరి చరిత్రల్లో చాలా భాగం అలాంటిదే. నేను సూర్యాపేటలో ఉంటూ, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వార్తలు ఒక దినపత్రికకు పంపుతూ వచ్చాను. చచ్చిపోయినవాళ్ల మీదా, సముద్రం దాటి వెళ్లిపోయినవాళ్ల మీదా నేరం మోపడంలో మా మూడు ఊళ్లకూ ఉన్న నేర్పు మరెక్కడా చూడలేదు.

ముందు ఇంటి సంగతి చెప్పాలి. రాష్ట్రాలు కలిసిన మరుసటేడు మొదలుపెట్టి, రెండేళ్లలో కట్టారు. హైదరాబాదు నుంచి బెజవాడ పోయే రోడ్డుకు దక్షిణాన, ఉత్తర ముఖంగా. మూడడుగుల రాతి పునాది, రెండడుగుల మందం గోడలు, ఎద్దుల గానుగలో నూరిన సున్నం, పాలేరు ఇసుక, మంగళూరు పెంకు. ముందు నాలుగు గుండ్రటి స్తంభాల వరండా. లోపల నడిమధ్య పొడుగాటి నడవ, దానికి అటు మూడు గదులు, ఇటు మూడు గదులు. కింద నాపరాళ్లు. గోడల పైభాగాన, వేడి గాలి పోవడానికి, చేతి వెడల్పు కంతలు వరసగా. కంతలకు తేనెతుట్టె అల్లికలాగా పెంకు ముక్కలు పేర్చారు. చూసిన ప్రతివాడూ అందంగా ఉందనేవాడు. వేసవిలో మధ్యాహ్నం రెండు దాటాక లోపలికి వెళ్లినవాడు మాత్రం పది నిమిషాల్లో బయటికి వచ్చేవాడు. నడవకు పడమట ఉన్న మూడూ పడకగదులే. పడమట గోడకు మూడడుగుల సందు, ఆ సందుకు అవతల బియ్యం మిల్లువాళ్లు వడ్లు ఆరబోయడానికి తర్వాత పోయించిన సిమెంటు కళ్లం. పైన సూర్యుడు, పక్కన కళ్లం. పందిరి వేద్దామంటే జాగా లేదు. తూర్పున చల్లగా ఉండే మూడు గదుల్లో మాత్రం వరసగా వంట, సామాన్లు, భోజనాలు. బియ్యం బస్తాలు హాయిగా నీడలో నిద్రపోయేవి, ఫాదరు పడమట వేగేవాడు.

ఇంటికి వెనకాల, ఆగ్నేయం మూల వంటగది గోడకు ఆనించి ఒక చిన్న గది ఉండేది. అందులో ఆ ఇల్లు కట్టిన మేస్త్రి, అతని భార్య ఉండేవాళ్లు. మేస్త్రిది అనంతగిరి దగ్గరి పల్లె. ఆ విచారణకు, అంటే ఆ చర్చి పరిధికి, చెందిన క్రైస్తవుడే. మొదటి ఫాదరు వెళ్లిపోయేటప్పుడు అతనితో, ఈ ఇల్లు నిలిచినంత కాలం నువ్వు ఇందులో ఉండు అని చెప్పి పోయాడు. కాగితం రాయలేదు. నోటిమాట. తర్వాత వచ్చిన ఫాదర్లు ఆ మాట మన్నించారు. మేస్త్రి ప్రతి ఏడూ వానలకు ముందు పెంకు సరిచేసేవాడు, గోడలకు సున్నం వేసేవాడు, బావి గట్టు బాగుచేసేవాడు. ఆ దంపతులకు మరో ఇల్లు లేదు. ఇల్లు నిలిస్తే వాళ్లకు నీడ ఉన్నట్టు, కూలితే లేనట్టు. లెక్క అంతే.

డెబ్భైల మొదట్లో ఒక వేసవిలో విచారణ కమిటీ పెద్ద నన్ను వెతుక్కుంటూ సూర్యాపేట బస్టాండు హోటలుకు వచ్చాడు. ఆయన ఒకప్పుడు ఆ మిషను బడికి హెడ్మాస్టరు, అప్పటికి రిటైరయ్యాడు. ఇస్త్రీ పంచె, జేబులో రెండు పెన్నులు. ఒకటి రాస్తుంది, ఒకటి గౌరవానికి.

“సారూ, మీరు జర మా బంగ్లా మీద రాయాలె. అది మనుషులుండే ఇల్లు గాదు, ఇటుకబట్టి. కొత్త ఫాదరుకు ఒళ్లంత చెమటకాయలే.”

“ఏం చేద్దామనుకుంటున్నారు?”

“పడగొట్టి స్లాబు పోద్దామని. బిషప్ గారికి అర్జీ పెట్టుకున్నం. పేపర్ల నాలుగు ముక్కలు పడితే పని తొందరగ అయితది. మిర్యాలగూడల సూడున్రి, కాల్వ నీళ్లొచ్చినంక ప్రతి మిల్లాయనకు స్లాబే. మా ఫాదరొక్కడే పెంకుటింట్ల ఉండాల్నా?”

“ఇల్లు గట్టిగానే ఉంది కదా?”

“గట్టిదే. గట్టిదైతే ఏం లాభం సారూ? కట్టినాయనకు తెలివి లేకపాయె. మంచుల పుట్టి మంచుల పెరిగిన దొర, మన ఎండ ఏమెరుక? తీసుకపోయి పడకలన్ని పడమటికి పెట్టిండు.”

స్లాబు మీద అప్పట్లో ఉన్న మోజు ఇప్పటివాళ్లకు చెబితే నమ్మరు. సాగర్ కాలువ పారిన పొలాల వాళ్లంతా ఒక్క పంట చేతికి రాగానే తాతలనాటి పెంకు, మట్టిమిద్దె పీకేసి సిమెంటు పలక కింద దూరేవాళ్లు. ఏప్రిల్‌లో ఇంట్లో ఉండలేక బయట వేపచెట్టు కింద మంచం వేసుకుని, వచ్చినవాడికల్లా స్లాబు చూపించేవాళ్లు. హెడ్మాస్టరు కోరిక అంతకన్నా గొప్పదేమీ కాదు. కానీ ఆయన చెప్పిన దాంట్లో ఒకటి నాకు పంటి కింద రాయిలా తగిలింది. ఆ మొదటి ఫాదరును నేను ఎరుగుదును. ఆయనది ఇటలీలో దక్షిణపు కొస. మా ఊళ్లో మధ్యాహ్నం కుక్క కూడా వీధిలోకి రాదు అని నవ్వుతూ చెప్పేవాడు. మంచు ఆయన కూడా చిన్నప్పుడు పుస్తకాల్లో చూసిందే. తెల్లగా ఉన్న ప్రతివాడూ మంచులోంచి ఊడిపడ్డాడనుకోవడం మనవాళ్ల భూగోళం.

ఆ వారంలోనే కోదాడ వెళ్లాను. మేస్త్రి తన గది ముందు కూర్చుని రంపానికి ఆకురాయి పెడుతున్నాడు. ఇల్లు కూలగొట్టబోతున్నారన్నది అతనికి అప్పటికే తెలుసు. ఇల్లు ఇలా ఎందుకు కట్టావని అడిగాను.

“నక్షా ఎట్లుంటే అట్ల గట్టిన సార్,” అన్నాడు తలెత్తకుండా.

లోపల గిన్నెలు కడుగుతున్న అతని భార్య బయటికి వచ్చింది. “అబద్ధం. చెప్పు, ఇంకెప్పుడు చెప్తవ్? కప్పు నెత్తి మీన పడ్డంక చెప్తవా?”

“నువ్వు లోపటికి నడువ్.”

“నేను నడుస్తనే ఉన్న పదిహేనేండ్ల సంది. నువ్వే కూసున్నకాడ కూసున్నవ్.” ఆమె లోపలికి పోయి, రేకు పెట్టె అడుగు నుంచి ఒక కాగితపు చుట్ట తెచ్చి నా ముందు పడేసింది. “సూడున్రి సార్. చదువుకున్నోళ్లు గదా.”

అది మొదటి ఫాదరు తన చేత్తో గీసిన నక్షా. ఇంజనీర్లు వాడే పల్చటి కాగితం, వెనక వేలు పెడితే కనిపిస్తుంది. గదుల పేర్లు ఇంగ్లీషులో ముద్దముద్దగా రాసి ఉన్నాయి. పైన బాణం గుర్తుతో ఉత్తరం. కాగితాన్ని అక్షరాలు చదవగలిగేలా పట్టుకుని చూశాను. పడకగదులు మూడూ తూర్పున ఉన్నాయి. పడమట వరసలో వంటగది, సామాన్ల గది, భోజనాల గది. పడమటి ఎండను మోసేది పొయ్యి, బియ్యం బస్తాలు. మనిషి తూర్పున చల్లగా పడుకుంటాడు. ఎండ దేశపువాడు మాత్రమే గీయగలిగిన నక్షా అది. తర్వాత కాగితాన్ని తిప్పి, వెనక వైపు నుంచి చూశాను. అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. నా ఎదురుగా ఉన్న ఇల్లు మాత్రం గోడకు గోడ సరిపోయింది.

“తిరగేసి పట్టుకున్నావా?” అన్నాను.

మేస్త్రి రంపం పక్కన పెట్టాడు. “నాకు అక్షరం రాదు గని నక్షా వస్తది సార్. సూర్యాపేటల మా ఉస్తాదు దగ్గర పన్నెండేండ్లు చేసిన. కిందా మీదా తెల్వకుంటనే ఇన్ని ఇండ్లు గట్టిన్నా?”

తర్వాత చెప్పాడు. అంతా ఒకేసారి చెప్పలేదు. మధ్యలో రంపం తీసుకునేవాడు, మళ్లీ పెట్టేవాడు.

ముగ్గు పోసే రోజున ఫాదరు ఊళ్లో లేడు. తల్లికి జబ్బు చేసిందని కబురొస్తే ఓడెక్కి వాళ్ల దేశం పోయాడు, నాలుగు నెలలు రాలేదు. పని ఆపొద్దని నక్షా మేస్త్రికి, పెత్తనం హెడ్మాస్టరుకు అప్పజెప్పి పోయాడు. మేస్త్రి నేల మీద సున్నంతో గదులన్నీ గీసి పెట్టాడు. ఆ పూట పక్క మిల్లు సావుకారు చూడ్డానికి వచ్చాడు. కప్పుకు టేకు ఇస్తానన్నది ఆయనే.

“సావుకారు ముగ్గంత తిరిగి సూసి, ఈ మూలకు ఏమొస్తదిరా అన్నడు. పొయ్యి వస్తదన్న. నైరుతిల పొయ్యా? ఇంటాయన ఏడాది దాటడు అన్నడు. గంతే, హెడ్మాస్టరు సారుకు చెమటలు వట్టినయ్.”

“నువ్వేమన్నావు?”

“నాకు పొయ్యి ఏ మూలకున్నా ఒకటే సార్, పొగ పోవాలె. సారేమో, కాగితం తిరగెయ్, పొయ్యి ఆగ్నేయానికి వస్తది అన్నడు. పొయ్యి వస్తది గని పడకలు పడమటికి పోతయి సారూ, ఎండ దంచుతది అన్న. దానికి ఏమన్నడో తెల్సా? ‘చలి దేశపోడు గదరా, ఇంత ఎండ తగిల్తే సంబరపడ్తడు’ అన్నడు.”

అతని భార్య గుమ్మంలోంచి అంది, “సంబరం జూసినం గద. పాపం ఆ ఫాదరు తడి తువాల కప్పుకొని కూసునేటోడు.”

నాలుగు నెలల తర్వాత ఫాదరు దిగేసరికి గోడలు దర్వాజా ఎత్తు లేచాయి. ఆయన ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, ఆగి, సూర్యుడి వైపు చూసి, మళ్లీ తిరిగాడు. నక్షా ఇమ్మన్నాడు. అప్పుడు హెడ్మాస్టరు ముందుకు వచ్చి, చదువు రానివాడు ఫాదర్, కాగితం తిరగేసి పట్టుకున్నాడు, నేను బడి పనిలో ఉండి చూసుకోలేదు అన్నాడు.

“నువ్వు ఊరుకున్నావా?”

“ఊకోక? నా ముగ్గురు పిల్లలు ఆయన బడిల. పేరు కొట్టేస్తే ఏడికి పోవాలె? తల దించుకొని నిలబడ్డ. ఫాదరు వచ్చి భుజం మీద చెయ్యేసిండు. అందరి ముంగట మాఫ్ జేసిన అన్నడు. గదులు మారిస్తే నా తప్పు రోజు యాది జేసినట్టయితదని పడకలు ఆడనే ఉంచుకున్నడు.”

“అట్ల మాఫ్ జేసే ఈ గది ఇచ్చిండు,” అంది భార్య. “తెల్వనోడు, బాధపడ్తుండని. చెయ్యని తప్పుకు మాఫీ. అండ్లనే ఉంటున్నం, అండ్లనే తింటున్నం.”

పూజలో నిలబడి పాపాలు ఒప్పుకునేవాళ్లను చాలామందిని చూశాను. తన పాపం ఇంకొకడి చేత ఒప్పించి, వాడికి క్షమాపణ కూడా ఇప్పించి, ఆదివారం ముందు వరసలో కూర్చోగల మనిషిని చూడటం అదే మొదలు.

మేస్త్రిని అడిగాను, ఇప్పుడు చెబుతావా అని. చెబితే ఇల్లు దక్కే దారి ఉంది. ఇటు మూడు గదులూ అటు మూడు గదులూ కొలతలో ఒక్కటే. పొయ్యి నైరుతికి, మంచాలు తూర్పుకు మారిస్తే ఫాదరు మొదట గీసిన ఇల్లే అవుతుంది. గోడ పగలగొట్టే పని లేదు. మేస్త్రి నక్షాను మెల్లగా చుట్ట చుట్టాడు. తర్వాత, “పిల్లలు బడి దాటిపోయిండ్రు సార్. ఇగ ఎవని పేరు కొట్టేస్తడు?” అన్నాడు.

ఆదివారం పూజ అయ్యాక కమిటీ బంగ్లాలో కూర్చుంది. కొత్త ఫాదరు గుంటూరు వైపు యువకుడు, తెలివైనవాడు, లుంగీ మీద బనీను తడిసి ఒంటికి అంటుకుని ఉంది. హెడ్మాస్టరు, ఒక కంపౌండరు, ఇంకో నలుగురు. నన్ను అర్జీకి సాక్షిగా పిలిచామనుకున్నారు. మేస్త్రి గుమ్మం బయట నిలబడి, పిలవకుండానే లోపలికి వచ్చి, నక్షా ఫాదరు చేతిలో పెట్టి, జరిగింది నాలుగు మాటల్లో చెప్పాడు.

హెడ్మాస్టరు లేచాడు. “తాగొచ్చిండు ఫాదర్.”

“పూజ నుంచి వస్తున్నాడండీ మాస్టారూ, నేనే సత్ప్రసాదం ఇచ్చాను,” అన్నాడు ఫాదరు. కాగితం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. కిటికీలోంచి పడమటి కళ్లం వైపు చూశాడు. ఒక్క నిమిషంలో అర్థమైంది. గట్టిగా నవ్వాడు. “ఇదేంటండీ ఇది! ఇంత చిన్న సంగతికా ఇల్లు పడగొడతామంటున్నారు? ఇల్లు మార్చక్కర్లేదు, మంచం మారిస్తే చాలు. వంట ఇటు, పడక అటు.”

ఎవరూ నవ్వలేదు. ఫాదరు ఒక్కొక్కరి ముఖం చూశాడు.

“ఏవండీ?”

హెడ్మాస్టరే నోరు విప్పాడు. “నైరుతిల పొయ్యి పెడ్తరా ఫాదర్? తెలిసి తెలిసి ఇంటాయన్ని చంపుకుంటమా? అందుకే గద ఆనాడు మేం మార్పించింది!”

అదీ జరిగింది. పదిహేనేళ్లు మేస్త్రి మెడకు కట్టిన అబద్ధాన్ని ఆయన అందరి ముందూ తన నోటితో విప్పేశాడు. నేను చుట్టూ చూశాను. ఒక్కడికీ పట్టలేదు. హెడ్మాస్టరు తప్పు ఒప్పుకున్నాడని వాళ్లకు అనిపించలేదు. ఆయన ఫాదర్ల ప్రాణం కాపాడాడని అనిపించింది. మేస్త్రి ఒక్కడే నోరు తెరిచి చూస్తున్నాడు.

“మనం క్రైస్తవులం కాదుటండీ?” అన్నాడు ఫాదరు.

“క్రైస్తవులమే ఫాదర్, ఇవన్ని నమ్మం,” అన్నాడు కంపౌండరు వినయంగా. “నమ్మకం లెక్క వేరు, ఇంటి లెక్క వేరు.”

“పోనీ పొయ్యి కదపొద్దు. ఉన్నచోటే ఉంచండి. నేనే సామాన్ల గదిలో పడుకుంటాను, తూర్పున.”

“అట్ల ఉత్తగ నైరుతి ఇడిసిపెట్టొద్దు ఫాదర్. ఇంటాయన నైరుతిలనే పండాలె. బరువు ఆడ ఉండాలె.”

“బరువంటే బియ్యం బస్తాలు వేయించండి!”

“బస్తాలు ఇంటాయన అయితయా ఫాదర్?” అన్నాడు కంపౌండరు, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు.

ఫాదరు పట్టుదల గలవాడే. సోమవారం మంచం తూర్పు గదికి మార్పించాడు. మేస్త్రి, అతని భార్య కలిసి మోశారు. బస్తాలు పడమటికి పోయాయి. మూడు రోజులు ఫాదరు పొద్దున్నే కళకళలాడుతూ వచ్చి, పదేళ్ల తర్వాత నిద్రపోయినట్టుంది అనేవాడు. ఆ మూడు రోజులు మేస్త్రి పైకెక్కి కప్పంతా చూశాడు. ఎక్కడ వాసం పుచ్చిందో, ఎక్కడ పెంకు పగిలిందో లెక్క చెప్పాడు. వానలకు ముందు సరిచేస్తానన్నాడు. అతని భార్య గది ముందు కొత్తగా అలికింది. నాలుగో రోజు ఫాదరు బావి గట్టు మీద నాచుకు జారి మడమ బెణికించుకున్నాడు.

నాచు ఎప్పుడూ ఉండేదే. దాని మీద అంతకుముందు ఇద్దరు ఫాదర్లు, ఒక సిస్టరు, లెక్కలేనన్ని బిందెలు జారాయి. కానీ కట్టు కట్టడానికి వచ్చిన కంపౌండరు ఆ మడమ పట్టుకుని, బయట గుమిగూడినవాళ్ల వైపు తిరిగి, “సూసిండ్రా?” అన్నాడు. ఆ ఒక్క మాటతో పని అయిపోయింది. సాయంత్రానికి ఆడవాళ్లు కొవ్వొత్తులు పట్టుకుని వచ్చారు. హెడ్మాస్టరు వచ్చి మంచం పక్కన కూర్చుని కంటతడి పెట్టాడు. ఆ కన్నీళ్లు నిజమైనవేనని నేను ఒప్పుకోవాలి. మూర్ఖుడు ఏడ్చినప్పుడు నిజంగానే ఏడుస్తాడు.

వారం తర్వాత నేను వెళ్లేసరికి మంచం మళ్లీ నైరుతి గదిలో ఉంది. ఫాదరు కాలు దిండు మీద పెట్టుకుని, విసనకర్రతో విసురుకుంటున్నాడు. పక్కన బిషప్‌కు పంపే అర్జీ. ఇల్లు శిథిలావస్థలో ఉందని రాసి, ఆయన సంతకం.

“మీరు నమ్ముతారా?” అని అడిగాను.

“లేదండీ.”

“మరి?”

“వీళ్ల మధ్య ఉండాలి గదండీ నేను. రేపు నాకు జ్వరమొచ్చినా నైరుతే అంటారు, బళ్లో పిల్లాడు ఫెయిలైనా నైరుతే అంటారు. స్లాబు పోయించేస్తే గొడవ వదిలిపోద్ది.” ఆగి, గొంతు తగ్గించాడు. “మా అమ్మకి ఈ సంగతి ఎవరో ఉత్తరం రాశారు. ఏడుస్తోందంట.”

“మేస్త్రి సంగతి?”

“వాళ్లమ్మాయి ఎక్కడో ఉందన్నారు గదండీ.”

పైదేశపువాడు నోటిమాటగా ఇచ్చిన గదిని సెమినరీలో చదివిన మనవాడు అంతే నోటిమాటగా తీసేశాడు. కాకపోతే మొదటివాడు ఇచ్చేటప్పుడు మనిషి ముఖం చూసి ఇచ్చాడు.

నేను మొత్తం కథ రాసి పంపాను. ఆఫీసులో నాలుగు లైన్లు చేసి వేశారు: కోదాడలో శిథిలమైన చర్చి బంగ్లా స్థానంలో ఆధునిక భవనం, కమిటీ పెద్ద మాజీ ప్రధానోపాధ్యాయుడి కృషి. శిథిలం అన్న మాట నేను రాయలేదు. అయినా నా పేరు మీద పోయిన వార్తే అది. హెడ్మాస్టరు దాన్ని కత్తిరించి జేబులో పెట్టుకు తిరిగాడు.

ఇల్లు కూలగొట్టడం వానాకాలం రాకముందే మొదలైంది. లారీ లోపలికి రావడానికి దారి కావాలని మేస్త్రి గది మొదట తీశారు. ఒక పూట పని. తర్వాత గడ్డపారలు పట్టుకుని బంగ్లా గోడల మీద పడ్డారు. గానుగ సున్నం రాయిలా ఉంది. గడ్డపార వేసినప్పుడల్లా ఎగిరి చేతికే తగిలేది. మధ్యాహ్నానికి ఇద్దరు కూలీల అరచేతులు చిట్లాయి, గోడకు గీత పడలేదు. శిథిలమైన ఇల్లు అలా ఉంటుంది.

గుత్తేదారు, చెట్టుకింద మూటాముల్లెల మధ్య కూర్చున్న మేస్త్రి దగ్గరికి వచ్చాడు. “పెద్దాయనా, జర చెప్పు, ఏడికెల్లి మొదలుపెట్టాలె? నువ్వు గట్టిందే గదా.”

అతని భార్య, “చెప్పకు. చావనీ,” అంది.

మేస్త్రి లేచాడు. కూలీలు దూలాన్ని కిందనుంచి పొడవబోతున్నారు, పొడిస్తే టేకు చీలిపోతుంది. అది చూడలేకపోయాడనుకుంటాను. “కిందికెల్లి గాదురా, మీదికెల్లి రావాలె. ముందుగాల పెంకు దించున్రి. వాసాలు ఇప్పున్రి, కొట్టకున్రి. తర్వాత గోడ ఒక్కొక్క వరస,” అని చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. నిచ్చెనెక్కి, మొదటి వాసం తనే విప్పి చేతికందించాడు. ఆ రోజు సాయంత్రం వరకు, మరుసటి రోజు మధ్యాహ్నం వరకు పైనే ఉన్నాడు. కూలి ఇస్తామంటే తీసుకోలేదు. కప్పంతా ఒక్క పెంకు అనవసరంగా పగలకుండా కిందికి దిగింది. ఆ పెంకు ఆ తర్వాత ఎవరెవరి పశువుల కొట్టాల మీదికి ఎక్కిందో నాకు తెలుసు. కమిటీలో ఆరుగురికీ పశువులున్నాయి.

రెండో రోజు మధ్యాహ్నం ఎండ పడమటికి తిరిగాక కమిటీ పెద్దలు కుర్చీలు తెప్పించుకుని, ఇంకా నిలబడి ఉన్న గోడ నీడలో, తూర్పు వైపు వరసగా కూర్చున్నారు. కల్లు లేదు గాని పెళ్లివారిలాగే ఉన్నారు. కొత్త ఇంటి నక్షా హెడ్మాస్టరు ఒళ్లో ఉంది. నేను తీసుకుని చూశాను. స్లాబు. ఆగ్నేయంలో వంట, నైరుతిలో ఫాదరు పడక. పడమటి గోడ మందం తొమ్మిది అంగుళాలు.

మేస్త్రి నిచ్చెన దిగి, దుమ్ము దులుపుకుని, భార్య నెత్తిన రేకు పెట్టె ఎత్తి పెట్టాడు. వాళ్లు మిర్యాలగూడ బస్సెక్కి, అక్కణ్నుంచి దామరచర్ల పోవాలి. అక్కడ వాళ్ల బిడ్డ, అల్లుడు కూలి చేసుకుంటారు. ఒకే గది, అయిదుగురు. వాళ్లు కుర్చీల ముందు నుంచే వెళ్లాల్సి వచ్చింది, వేరే దారి లేదు. హెడ్మాస్టరు వాత్సల్యంగా పిలిచాడు.

“పోయొస్తవా మేస్త్రీ? మంచిది, పోయి బిడ్డ దగ్గర సుఖంగ ఉండు. ఈ బట్టీల ఇన్నేండ్లు ఉడికినవ్ పాపం. ఇగ నీకు ఎండ బాధ తప్పింది.”

మేస్త్రి ఆగాడు. ఆయన్నీ, ఆయన కూర్చున్న నీడనీ చూశాడు.

“నా గది తూర్పు దిక్కు సారూ,” అన్నాడు. “నాకెన్నడు ఎండ తగల్లే.”

భార్య అప్పటికే రోడ్డు దాటింది. అతను నింపాదిగా ఆమె వెనక నడిచాడు. హెడ్మాస్టరు కుర్చీ కొంచెం గోడ దగ్గరికి జరుపుకుని, “ఎంత చేసినా వాళ్లకు విశ్వాసం ఉండదు,” అన్నాడు నాతో.